ఆ ఊపిరి ఎవరిది?



"అయ్యగారండీ, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. లోపల ఊపిరి పీల్చేది మా మనవరాలా, ఆ మిషనా?"

పట్టణంలోని ఒక ఆసుపత్రి వరండాలో చాప మీద కూర్చున్న ఒక నాయనమ్మ నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమె బడికి వెళ్లిన మనిషి కాదు. కూలి పని చేసుకొని పిల్లలను పెంచిన తల్లి. అయితే చదువుకున్నవారు కూడా అడగవలసిన ప్రశ్నే ఆమె అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తెలుసుకున్న తరువాత, ఇది మన గ్రామాలలోని ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలని తోచింది. అందుకే ఈ నెల ఈ పేజీని ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను.

జరిగిన సంగతి చెబుతాను. మా సంఘములోని ఒక యౌవన దంపతులకు అది మొదటి కాన్పు. ఏడో నెల నడుస్తుండగానే నడుము నొప్పి మొదలైంది. ఇంకా రోజులున్నాయి గదా, వేడి చేసి ఉంటుందిలే అని ఒక పూటంతా ఇంట్లోనే గడిపారు. సాయంకాలానికి ఉమ్మనీరు పోయింది. 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చిన కొద్దిసేపటికే ఆడపిల్ల పుట్టింది. లెక్క ప్రకారం 29 వారాలు, బరువు 1,150 గ్రాములు. పుట్టినది మొదలు పిల్లిపిల్లలా మూలుగుతూ, డొక్కలు ఎగరవేస్తూ ఉన్నదట. నోటిలో నుండి గొట్టం వేసి వెంటిలేటరు మీద పెట్టారు.

నేను వెళ్లేసరికి వరండాలో పెద్దల సభ జరుగుతున్నది. "మిషన్ మీద పెట్టారంటే అయిపోయినట్టే. ప్రాణం పోయినా మిషన్ ఆడుతూనే ఉంటుంది. బిల్లు పెంచడానికి ఉంచుతారు. సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోదాం" అని ఒక పెద్దాయన గట్టిగా అంటున్నారు. బిడ్డ తండ్రి ఏమీ పలకలేదు. నన్ను చూసి లేచి నిలబడి, "మీరేమంటారండీ అయ్యగారూ? మీరు ఎలా చెబితే అలా చేస్తాను" అన్నాడు.

ఆ మాటకు నా కాళ్లలో బలం పోయింది. ఎందుకంటే ఆ ప్రశ్న నన్ను అడగడం అది మొదటిసారి కాదు.

పద్నాలుగు సంవత్సరాల క్రితం, నేను పరిచర్యలోనికి క్రొత్తగా వచ్చిన దినాలలో, వేరొక గ్రామంలో ఇదే జరిగింది. అప్పుడూ నెలలు నిండని బిడ్డే. అప్పుడూ ఇవే మాటలు. వైద్యము గూర్చి నాకేమీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. "పెద్దలు చెప్పినట్టే చేయండి, అంతా దేవుని చిత్తము" అని తల ఊపాను. వారు సంతకం పెట్టి బిడ్డను ఒడిలో పెట్టుకొని బస్సెక్కారు. ఊరు చేరకముందే బిడ్డ చనిపోయింది. ఆసుపత్రిలోనే ఉంచితే బ్రతికేదో లేదో ఎవరూ చెప్పలేరు. కాని తెలియని సంగతిలో తెలిసినవానివలె మాట్లాడి, ఆ భారాన్ని దేవుని చిత్తము మీద మోపినవాడను నేనే. ఆ తల్లి ఈనాటికీ నాతో ఆ మాట ఎత్తలేదు. నేనే మరచిపోలేదు.

కనుక ఈసారి ఆ తండ్రితో, "బాబూ, దీని గూర్చి నాకు తెలియదు. పద, డాక్టరమ్మగారినే అడుగుదాం" అన్నాను. ఆమె మాచేత చేతులు శుభ్రంగా కడిగించి, ఒకరి తరువాత ఒకరిని లోపలికి తీసుకువెళ్లి, యంత్రం ప్రక్కన నిలబెట్టి ఓపికగా చెప్పారు. ఆమె చెప్పినదానికి తరువాత నేను చదివి తెలుసుకున్నది కూడా కలిపి మీకు వ్రాస్తున్నాను.

చెంచాడు గాలి

పసిబిడ్డ నిమిషానికి 40 నుండి 60 సార్లు ఊపిరి తీస్తుంది. కిలో బరువున్న బిడ్డ ఒక్కొక్కసారి లోపలికి తీసుకునే గాలి ఎంతో తెలుసా? సుమారు 5 మిల్లీలీటర్లు. అంటే మందు త్రాగించే చిన్న చెంచాకు ఒక చెంచాడు. ఆ చెంచాడు గాలి కోసమే ఇంత పోరాటం.

నెలలు నిండని బిడ్డకు అది అంత కష్టం ఎందుకు? మన ఊపిరితిత్తులలో లెక్కలేనన్ని చిన్న చిన్న గాలి బుడగలుంటాయి. వాటి లోపలి గోడలు తడిగా ఉంటాయి. తడిసిన ప్లాస్టిక్ సంచిని విడదీయడం ఎంత కష్టమో మన అక్కచెల్లెళ్లకు తెలుసు. రెండు ప్రక్కలూ అంటుకుపోతాయి. ఊపిరితిత్తులలోనూ అదే ప్రమాదం ఉన్నది గనుక, వాటిలో సబ్బు నురుగువంటి ఒక పదార్థము ఊరుతుంది. దాని పేరు సర్ఫాక్టెంట్. అది గోడలకు పూతలాగా పట్టి, గాలి బయటికి పోయినా బుడగ పూర్తిగా మూసుకుపోకుండా చూస్తుంది. తల్లి గర్భములో చాలినంతగా అది తయారయ్యేది 34, 35 వారాలు దాటిన తరువాతే. ముందే పుట్టిన బిడ్డకు అది చాలదు. కనుక ఊపిరి వదిలిన ప్రతిసారీ బుడగలు మూసుకుపోతాయి. ప్రతి ఊపిరీ మొదటి ఊపిరంత కష్టమవుతుంది. క్రొత్త బెలూను మొదట ఊదడానికి ఎంత బలం కావాలో తలంచుకోండి. ఆ బిడ్డ నిమిషానికి అరవైసార్లు క్రొత్త బెలూను ఊదుతున్నది. చివరకు అలసిపోతుంది.

ఇది 1959 వరకు సరిగా తెలియలేదు. ఆ సంవత్సరం అమెరికాలోని బోస్టన్ నగరంలో మేరీ ఎలెన్ ఏవరీ అనే వైద్యురాలు, జెరె మీడ్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, ఇలా మరణించిన బిడ్డల ఊపిరితిత్తులలో ఆ పదార్థము కొరతగా ఉన్నదని కనుగొన్నారు. కారణం తెలిసింది గాని చికిత్స వెంటనే రాలేదు. 1963 ఆగష్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీగారికి అయిదున్నర వారాలు ముందుగా ఒక కుమారుడు పుట్టాడు. బరువు సుమారు 2 కిలోల 100 గ్రాములు. బోస్టన్ నగరంలోని పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఎక్కువ ఒత్తిడితో ప్రాణవాయువు నింపిన గదిలో కూడా ఉంచారు. అయినా 39 గంటలకే ఆ బిడ్డ మరణించాడు. దేశాన్ని ఏలేవాని బిడ్డకు ఆనాడు దొరకని సహాయము ఈనాడు మన జిల్లా ఆసుపత్రులలోని పసిబిడ్డల వార్డులలో దొరుకుతున్నది. పెద్దలు "ఇంటికి తీసుకుపోదాం" అన్నప్పుడు దీనిని జ్ఞాపకము చేసుకోండి.

మూలుగు వెనుక సంగతి

నాయనమ్మ చెప్పిన ఆ పిల్లిపిల్ల మూలుగు ఏమిటి? అది ఏడుపు కాదు. బిడ్డ ఊపిరి వదిలేటప్పుడు గొంతును సగం బిగించి, గాలి ఒక్కసారిగా పోకుండా అడ్డుకుంటుంది. లోపల కొంచెం గాలి నిలిస్తే బుడగలు మూసుకుపోవు. ఎవరూ నేర్పకుండానే బిడ్డ చేసుకొనే ఉపాయమది. గొట్టం వేసి ఆ మూలుగును ఆపితే రక్తంలో ప్రాణవాయువు తగ్గుతున్నదని 1968లో దక్షిణాఫ్రికా వైద్యులు వ్రాశారు.

1971లో అమెరికాలో గ్రెగరీ అనే వైద్యుడు, ఆయన తోటివారు, బిడ్డ గొంతు చేసే ఆ పనినే బయటనుండి చేశారు. బిడ్డ తనంతట తానే ఊపిరి తీస్తుంది. ఊపిరి వదిలినప్పుడు మాత్రం లోపల కొంత ఒత్తిడి నిలిచి ఉండేటట్టు చేశారు. ఆ విధంగా చికిత్స పొందిన 20 మంది బిడ్డలలో 16 మంది బ్రతికారు. అంతకుముందు అటువంటి బిడ్డలలో చాలామంది చనిపోయేవారు.

ఈ పద్ధతిని సీపాప్ అంటారు. దానికి పెద్ద యంత్రం కూడా అక్కరలేదు. బిడ్డ ముక్కుకు రెండు చిన్న గొట్టాలు పెట్టి గాలి పంపుతారు. గాలి బయటికి వచ్చే గొట్టం చివరను ఒక సీసాలో నీటిలో 5 సెంటీమీటర్ల లోతున ముంచుతారు. గాలి ఆ నీటిని త్రోసుకొని బుడబుడమంటూ బయటికి రావాలి గనుక, అంత ఒత్తిడి ఊపిరితిత్తులలో నిలుస్తుంది. వార్డులో నీళ్లు మరిగినట్టు శబ్దం వినబడితే భయపడకండి. అది మంచి శబ్దమే.

కొందరు బిడ్డలకు అది చాలదు. మన పాపకు చాలలేదు. అటువంటివారికి గొట్టం ద్వారా సర్ఫాక్టెంట్ మందును ఊపిరితిత్తులలోనికి పంపుతారు. ఆవు ఊపిరితిత్తుల నుండి తీసిన ఆ మందును 1980లో జపాను దేశంలో ఫుజివారా అనే వైద్యుడు పదిమంది బిడ్డలకు వాడి, మేలు చేస్తున్నదని లోకానికి చూపించాడు. అప్పటికీ బిడ్డకు శక్తి చాలకపోతే వెంటిలేటరు పని పంచుకుంటుంది.

బస్తా ఎత్తే మనిషి

"పంచుకుంటుంది" అనే మాట గమనించండి. నాయనమ్మ ప్రశ్నకు జవాబు దానిలోనే ఉన్నది.

పూర్వపు యంత్రాలు పంచుకోవడం ఎరుగవు. నిమిషానికి ఇన్నిసార్లు అని పెడితే అన్నిసార్లు గాలి కొట్టేవి. బిడ్డ ఊపిరి వదులుతుంటే ఇది లోపలికి నెట్టేది. బిడ్డ తీసుకుంటుంటే ఇది ఊరుకునేది. వడ్ల బస్తా ఇద్దరు ఎత్తేటప్పుడు ఒకరు లేపుతుంటే ఇంకొకరు దించితే ఏమవుతుంది? నడుములు విరుగుతాయి. అలాగే ఆ పోరాటంలో కొందరు బిడ్డల ఊపిరితిత్తులు చిల్లిపడి గాలి బయటికి పోయేది. పోరాడకుండా ఉండడానికి బిడ్డ కండరాలను మందుతో కదలకుండా చేసిన సందర్భములూ ఉన్నవి.

తరువాత వచ్చిన యంత్రాలకు కనిపెట్టుకొని ఉండడం నేర్పించారు. బిడ్డ నోటి దగ్గర గొట్టానికి ఒక చిన్న పరికరం తగిలిస్తారు. కొన్నింటిలో సన్నని వేడి తీగ ఉంటుంది. గాలి కదిలితే ఆ తీగ చల్లబడుతుంది. దానినిబట్టి ఎంత గాలి ఏ వైపుకు కదిలిందో యంత్రం లెక్కగడుతుంది. బిడ్డ తన చిన్న డొక్కను లాగి కొంచెం గాలి పీల్చడం మొదలుపెట్టగానే యంత్రం రెప్పపాటు కంటె తక్కువ సమయంలో పసిగట్టి, "ఇదిగో, నీతో పాటే" అన్నట్టు మిగిలిన బలం అందిస్తుంది. సుమారు సెకనులో మూడవ వంతు సేపు నెట్టి ఆపుతుంది. బిడ్డ ఊపిరి వదులుతుంది. యంత్రం మరల కాచుకొని ఉంటుంది.

బస్తా ఎత్తించే మంచి మనిషి ఏం చేస్తాడు? మోసేవాడు వంగేవరకు ఆగుతాడు. వాడు లేవడం మొదలుపెట్టినప్పుడే తానూ చెయ్యి వేస్తాడు. మోత వానిదే, ఎత్తు ఇద్దరిది.

మరి బిడ్డ ఊపిరి తీయడం మరచిపోతే? నెలలు నిండనివారి మెదడు ఇంకా పక్వము కాలేదు గనుక అప్పుడప్పుడు మరచిపోతారు. అందుకని డాక్టరు ఒక కనీస లెక్క పెట్టి ఉంచుతారు. బిడ్డ ఆగిపోతే యంత్రమే ఊపిరి ఇస్తుంది. బిడ్డ మరల మొదలుపెట్టగానే వెనుకకు తగ్గుతుంది.

డాక్టరమ్మగారు తెర మీద మాకు ఒక సంగతి చూపించారు. గీతలు కొండల్లాగా లేచి పడుతున్నాయి. పాప తనంతట మొదలుపెట్టిన ఊపిరి దగ్గర ఒక చిన్న గుర్తు పడుతున్నది. యంత్రం దానంతట ఇచ్చినదానికి గుర్తు లేదు. నాయనమ్మను లోపలికి పంపినప్పుడు ఆమె వ్రేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. బయటికి వచ్చి, "పదింటిలో ఆరు మా పిల్లవే అయ్యగారండీ" అన్నది. వరండాలోని పెద్దాయన మరి మాట్లాడలేదు. సంతకం సంగతి ఆ రోజుకు ఆగింది.

ప్రాణం పోయినా యంత్రం ఆడిస్తుందనే మాటకు కూడా అక్కడే జవాబు దొరికింది. వెంటిలేటరు గాలిని మాత్రమే కదిలిస్తుంది. గుండెను కొట్టించలేదు. ఆ పాప గుండె తనంతట తానే కొట్టుకుంటున్నది.

పనిని తిరిగి అప్పగించుట

మంచి సహాయకుని గుర్తు ఇంకొకటి ఉన్నది. పని చేయడమే గాక, పనిని తిరిగి అప్పగించడం కూడా అతనికి తెలియాలి. ఇప్పటి యంత్రాలలో కొన్నింటికి, "ఈ బిడ్డకు ఒక్కొక్క ఊపిరికి ఇంత గాలి అందాలి" అని చెప్పి పెట్టవచ్చు. బిడ్డ ఎక్కువ లాగగలిగితే యంత్రం తన బలం తగ్గించుకుంటుంది. బిడ్డ నీరసపడితే పెంచుతుంది. ఊపిరితిత్తులు మెత్తబడేకొద్దీ యంత్రం వంతు దానంతట అదే తగ్గుతూ వస్తుంది. ఒత్తిడిని మాత్రమే లెక్కపెట్టి నడిపే పద్ధతికంటె, ఈ విధంగా గాలి కొలతను లెక్కపెట్టి నడిపితే బిడ్డలకు మేలు ఎక్కువని, ఊపిరితిత్తులు చిల్లిపడడం తగ్గుతుందని పరిశోధనలలో తేలింది.

ఇంకొక పద్ధతిలో ప్రతి ఊపిరికీ సాయం చేయకుండా, నిమిషానికి 30 ఊపిరులకో 20 ఊపిరులకో మాత్రమే సాయం చేసి మిగిలినవి బిడ్డకే వదిలిపెడతారు. సైకిలు నేర్పేటప్పుడు సీటు క్రింద చెయ్యి కొంచెంసేపు పట్టి, కొంచెంసేపు వదిలినట్టు. 1999లో సిండర్బీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు ఇంకా ముందుకు వెళ్లారు. ఊపిరి తీయమని మెదడు డొక్క కండరానికి పంపే సంకేతాన్నే, కడుపులోనికి వెళ్లే సన్నని గొట్టం ద్వారా చదివి, దానికి తగినంత బలమే ఇచ్చే పద్ధతిని వెల్లడి చేశారు. గాలి కదలకముందే యంత్రానికి కబురు అందుతుందన్న మాట.

మా పాప విషయంలో డాక్టరమ్మగారు ప్రతి ఉదయం తండ్రికి ఒక అంకె చూపించేవారు. యంత్రం నెట్టే బలం మొదటి దినము 18, మూడవ దినము 15, అయిదవ దినము 12. ఆ తండ్రి వరండాలోకి వచ్చి ఆ అంకె చెప్పడం కోసం అందరమూ కాచుకొని ఉండేవారము. ఆరవ దినమున గొట్టం తీసివేసి, ముక్కుకు సీపాప్ పెట్టారు.

గొట్టం తీయడానికి తొందర ఎందుకు?

వెంటిలేటరు మేలు చేస్తుంది గదా, ఇంకొన్ని దినాలు ఉంచితే ఏమి అని తల్లి అడిగింది. దానివలన కీడు కూడా ఉన్నది. ఎక్కువ గాలి, ఎక్కువ ఒత్తిడి లేత ఊపిరితిత్తులను గాయపరుస్తాయి. గొట్టం వెంట క్రిములు చేరవచ్చు. ప్రాణవాయువు అవసరానికి మించితే కంటి వెనుక రక్తనాళాలు చెడి చూపు పోయే ప్రమాదమున్నది. అందుకే రక్తంలోని ప్రాణవాయువును సాధారణంగా నూటికి 90 నుండి 95 మధ్య ఉంచుతారు. నూరు ఎందుకు లేదని గొడవ పెట్టుకోకండి. నెలలు నిండని బిడ్డకు డాక్టరు చెప్పిన తేదీన కంటి పరీక్ష తప్పక చేయించాలి. చాలామందికి నెల తిరగకముందే అది జరగాలి. ఇంటికి వచ్చేశాం గదా అని మానకూడదు.

గొట్టం తీసిన తరువాత బిడ్డ ఊపిరి మరచిపోకుండా ఒక మందు ఇస్తారు. అది కెఫీన్. మన కాఫీలో ఉండేదే. సుమారు 2,000 మంది బిడ్డల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, కెఫీన్ పొందిన బిడ్డలకు యంత్రం అవసరం త్వరగా తీరినదని 2006లో ప్రకటించారు. అయితే ఇది డాక్టరు కొలిచి ఇచ్చే మందు. ఇంట్లో పసిబిడ్డకు కాఫీ చుక్క కూడా తాకించకూడదు.

ఇంకొక మాట తల్లుల కోసం. గొట్టం స్వరపేటిక మధ్య నుండి పోతుంది గనుక, బిడ్డ ఏడ్చినా శబ్దం రాదు. ముఖం ముడుచుకుంటుంది, నోరు తెరుచుకుంటుంది, గొంతు మాత్రం వినబడదు. "నా బిడ్డ ఏడవడం కూడా మానేసింది" అని మా సహోదరి ఎంతో కుమిలిపోయింది. గొట్టం తీసిన మరుసటి దినమున బొంగురుగా ఒక చిన్న ఏడుపు వినబడితే, ఆ తల్లి నవ్వింది.

కుటుంబాలకు కొన్ని మాటలు

మొదటిది, నొప్పుల సంగతి. ఎనిమిదో నెల నిండకముందు నడుము నొప్పి గాని, నీరు పోవడం గాని కనబడితే ఒక్క గంట కూడా ఇంట్లో ఆగకండి. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా సిద్ధపరుస్తాయి. ఇది 1972లో న్యూజిలాండ్ దేశంలో లిగ్గిన్స్, హౌవీ అనే వైద్యులు నిరూపించారు. ఆ మందు బాగా పనిచేయడానికి సుమారు ఒక దినము కావాలి. మా సహోదరి ఇంట్లో గడిపిన ఆ పూట విలువ ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

రెండవది, ఊపిరి గుర్తులు. పసిబిడ్డ నిమిషానికి 60 కంటె ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలిరంగుకు మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మూలుగు కడుపునొప్పి అనుకొని నాటు మందులు పోయకండి.

మూడవది, డాక్టరును అడగవలసిన మాటలు. భయపడి గుసగుసలాడడం కంటె, మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. "బిడ్డ తనంతట ఎంత ఊపిరి తీస్తున్నది? నిన్నటికంటె ఈ రోజు యంత్రం వంతు తగ్గిందా, పెరిగిందా? ఇకమీదట మేము దేనికొరకు కనిపెట్టుకొని ఉండాలి?" ఈ మూడింటికి జవాబు తెలిసిన కుటుంబం వరండాలో వినబడే మాటలకు కదలదు.

నాలుగవది, ఖర్చు. డబ్బు భయంతోనే అనేకులు సంతకం పెట్టి బిడ్డను తీసుకుపోతారు. ప్రభుత్వ ఆసుపత్రులలో 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద జబ్బుపడిన పసిబిడ్డలకు చికిత్స, మందులు ఉచితము. ప్రయివేటు ఆసుపత్రిలో ఉంటే ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. ఆసుపత్రి మార్చవలసి వస్తే డాక్టరుకు చెప్పి, ఊపిరి సాయం ఉన్న వాహనంలోనే మార్చండి. బస్సులోనూ ఆటోలోనూ కాదు.

అయిదవది, అందరు బిడ్డలూ బ్రతకరు. ఇది దాచకుండా చెప్పాలి. మా పాప ప్రక్క బాక్సులో ఒక బాబు ఉండేవాడు. అదే విధమైన యంత్రం, అదే నర్సమ్మలు. అతని గుర్తులు రోజురోజుకూ తగ్గిపోయాయి. ఎనిమిదవ దినమున చనిపోయాడు. ఆ తండ్రి మన సంఘస్థుడు కాడు, మన విశ్వాసము కూడా కాదు. నేను ఆయన ప్రక్కన కూర్చున్నాను గాని ఏమీ బోధించలేదు. ఇక యంత్రం వలన ప్రయోజనం లేదని వైద్యులే చెప్పే సందర్భములు కూడా ఉంటాయి. అప్పుడు బిడ్డను తల్లి చేతికివ్వమని అడగడంలో తప్పు లేదు. కాని ఆ మాట బిడ్డ స్థితిని చూచిన వైద్యులు చెప్పాలి. వరండాలోని మనం గాని, నావంటి పాస్టరు గాని చెప్పకూడదు.

చివరగా సంఘానికి ఒక మాట. ఆ దంపతులు ఆసుపత్రిలో ఉన్నంతకాలం మా సంఘములోని కుటుంబాలు వంతులు వేసుకొని అన్నం పంపాయి. వారి గేదెను ఒకరు చూచుకున్నారు. మొదటి వారంలో మేమూ తప్పు చేశాం. ఒకేసారి పదిహేనుమంది వెళ్లి, గట్టిగా ప్రార్థించి, సలహాలు చెప్పి ఆ తల్లిని అలసట పరిచాము. వారికి ఏమి కావాలో ముందు కనిపెట్టి, అప్పుడే చెయ్యి వేయాలని ఆ యంత్రమే మాకు నేర్పింది.

బరువు కొంచెం పెరిగిన తరువాత బిడ్డను తల్లి రొమ్ముకు చర్మం తగిలేటట్టు కట్టి పడుకోబెట్టారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి అది. కంగారూ సంరక్షణ అంటారు. తల్లి నిద్రపోయే వేళల్లో నాయనమ్మ కట్టుకునేది. 54వ దినమున, 1,900 గ్రాముల బరువుతో పాప ఇంటికి వచ్చింది.

మొన్న వారి ఇంటికి వెళ్లాను. నాయనమ్మ అరుగు మీద పాపను గుండెకు ఆనించుకొని కూర్చున్నది. పలకరిస్తే వ్రేలు పెదవులమీద పెట్టుకొని నన్ను ఆగమన్నది. పాప నిద్రపోతున్నది. ఆమె మనవరాలి వీపు లేచి పడటం చూస్తూ పెదవులు కదుపుతున్నది. ప్రార్థిస్తున్నదేమో అనుకున్నాను. దగ్గరకు వెళ్లి వింటే, లెక్కపెడుతున్నది.

వచ్చే నెల మరల కలుసుకుందాం.